మతిమరుపుకు ఏ స్కాన్? సీటీ, ఎంఆర్ఐ, పెట్‌లలో ఎవరికి ఏది సరిపోతుంది

ఇంట్లో పెద్దమనిషికి మతిమరుపు ముదిరిందని తెలిస్తే చాలు, హనుమకొండలోనైనా కరీంనగర్‌లోనైనా మంచిర్యాలలోనైనా చుట్టాలు అడిగే మొదటి మాట "స్కాన్ తీయించిండ్రా?" అనే. ఏ స్కాన్ అన్న దగ్గరికి వచ్చేసరికి తలా ఒక మాట. ఒకరు సీటీ చాలంటారు, ఇంకొకరు త్రీ టెస్లా ఎంఆర్ఐ (టెస్లా అంటే మిషన్‌లోని అయస్కాంతం బలానికి కొలత) కాకపోతే దండగ అంటారు, హైదరాబాద్‌లో ఉన్న అల్లుడు ఫోన్‌లో ఏదో చదివి పెట్ స్కాన్ తీయిద్దాం అంటాడు. మా పెద్దమ్మకు అల్జీమర్స్ అని తేలేదాకా ఈ సలహాలన్నీ మేమూ విన్నాం. ఆమెను చూసుకుంటూ డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టర్ మాటకు ఇది బదులు కాదు, కానీ ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏమడగాలో తెలుస్తుంది.

ముందుగా ఒకటి గట్టిగా చెప్తాను. స్కాన్‌ను ధర చూసి ఎంచుకోవద్దు, మనకు తెలియాల్సింది ఏంటో చూసి ఎంచుకోవాలి. తలలో ఆపరేషన్‌తోనో మందుతోనో బాగయ్యేది ఏమైనా ఉందా అన్నదానికి చాలావరకు సీటీ జవాబు చెప్తుంది. మెదడులో ఏ భాగం కుంచించుకుపోయింది, రక్తనాళాల దెబ్బ ఎంతుంది అంటే ఎంఆర్ఐ. ఏ భాగం పని మందగించింది అంటే ఎఫ్‌డీజీ పెట్. అల్జీమర్స్‌కు గుర్తుగా ఉండే ప్రొటీన్ పేరుకుందా లేదా అంటే అమిలాయిడ్ పెట్. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా "ఇది అల్జీమర్స్" అని తీర్పు చెప్పదు. మనిషి ఎలా మారుతూ వచ్చాడో ఇంట్లోవాళ్ళు చెప్పే వివరం, జ్ఞాపకశక్తి పరీక్ష, రక్తపరీక్షలు, వాటికి తోడుగా స్కాన్, ఇవన్నీ కలిపి చూసి డాక్టర్ చెప్తారు.

అందుకే స్కాన్ సెంటర్‌కు పోయేముందే విటమిన్ బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్ పరీక్షలు చేయించండి. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే వాళ్ళకు బీ12 తగ్గడం మామూలే, దానివల్ల కూడా మతి తప్పినట్టు అవుతుంది, అది తక్కువ ఖర్చుతో సరిచేసుకోగలిగేది. నిద్రమాత్రలు, కొన్ని రకాల అలర్జీ మాత్రలు, లోపల కుమిలిపోయే డిప్రెషన్, చెవులు వినపడకపోవడం కూడా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తాయి. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి, ఊర్లో ఆర్‌ఎంపీ రాసిచ్చినవి కూడా.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో జరగాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేయించిన పరీక్షల సెట్ తెలుగులో కూడా ఉంది, దాని గురించి అడగండి. బడి మొహం చూడని అవ్వకు గడియారం బొమ్మ గీయమని కాగితం ఇస్తే ఆమె గీయలేకపోవచ్చు, అది జబ్బు కాదు, అలవాటు లేకపోవడం. అదే అవ్వను మొన్న బతుకమ్మకు ఎవరెవరు వచ్చారు, ఈసారి చేనులో ఏం వేశారు, మేడారం ఎవరితో పోయొచ్చావు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. చదువు రాదని మా పెద్దమ్మ మార్కులు మొదట్లో తక్కువ వేశారు, పద్ధతి మార్చి అడిగాకే నిజంగా ఎక్కడ తప్పుతోందో తెలిసింది.

ఇక సీటీ. చవక, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, జిల్లా కేంద్రాల్లో దొరుకుతుంది. అల్జీమర్స్‌ను పట్టుకోవడంలో మాత్రం ఇది వెనకబడే ఉంటుంది, తొలిదశలో అంతా నార్మల్ అని కూడా రావచ్చు. అయినా దీన్ని తక్కువగా చూడొద్దు. పెద్దవయసులో మంచం మీదనుంచి జారో, బాత్‌రూమ్‌లో కాలుజారో తల కొట్టుకుంటే పుర్రె లోపల రక్తం మెల్లమెల్లగా చేరి, రెండు మూడు వారాలకు మనిషి తికమక పడటం, మత్తుగా ఉండటం, నడక తూలడం మొదలవుతుంది. పడ్డ సంగతి అప్పటికి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు. ఇది సీటీలో తెలిసిపోతుంది, చాలామందికి చిన్న ఆపరేషన్‌తో రక్తం తీసేస్తే మనిషి తేరుకుంటాడు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నడక చెడి, మూత్రం ఆపుకోలేక, దానికితోడు మతి మందగిస్తే మెదడులో నీరు చేరిందేమో అని చూడాలి, అదీ సీటీలోనే అనుమానం తగులుతుంది, ఆ నీటిని బయటికి మళ్ళించే సన్నని గొట్టం (షంట్) వేస్తే కొందరు కోలుకుంటారు. కాబట్టి మార్పు నెలల్లో కాకుండా రోజుల్లో, వారాల్లో వచ్చిందంటే ఏ ఎంఆర్ఐ మంచిది అని వెతుక్కుంటూ కూర్చోవద్దు, ముందు సీటీ తీయించండి. తల సీటీకి రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, ప్రకృతి నుంచి ఏడాదికి మన ఒంటికి సగటున అందేది 2.4, కాబట్టి ఈ వయసులో దానికి భయపడాల్సింది లేదు. ఎంఆర్ఐకి పనికిరాని పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు, ఎక్కువసేపు కదలకుండా పడుకోలేని వాళ్ళకు కూడా ఇదే దారి.

నెమ్మదిగా, ఏడాది రెండేళ్ళుగా ముదురుతున్న మతిమరుపుకు ఒక్క స్కాన్‌కే డబ్బులున్నాయంటే నేను ఎంఆర్ఐ అనే చెప్తాను. రేడియేషన్ ఉండదు. సీటీ చూపించేవి దాదాపు అన్నీ చూపిస్తుంది, అవి కాక అల్జీమర్స్ తొలుత దెబ్బతీసే హిప్పోక్యాంపస్‌ను దగ్గరగా చూపిస్తుంది. కణతల లోపలి వైపున రెండు పక్కలా ఉండే ఈ చిన్న భాగమే కొత్త సంగతులను గుర్తుంచుకునేలా చేస్తుంది. అందుకే అల్జీమర్స్ మనిషికి ముప్పై ఏళ్ళ కిందటి పెళ్ళి గుర్తుంటుంది, పొద్దున అన్నం తిన్నది గుర్తుండదు.

అయితే ఎంఆర్ఐ అంటే ఒకే బొమ్మ కాదు, లోపల చాలా రకాల సీక్వెన్సులు (బొమ్మ తీసే పద్ధతులు) ఉంటాయి, ఏవి తీశారన్నదే అసలు విషయం. చీటీ మీద ఉత్తగా "ఎంఆర్ఐ బ్రెయిన్" అని రాస్తే సెంటర్ వాళ్ళు మామూలుగా తీసేది తీసి పంపొచ్చు. "డిమెన్షియా ప్రోటోకాల్" అని (అల్జీమర్స్‌తో సహా మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి డాక్టర్లు అనే పేరు డిమెన్షియా), ఎందుకు తీయిస్తున్నారో ఒక వాక్యం కలిపి రాయమని డాక్టర్‌ను అడగండి. అందులో హిప్పోక్యాంపస్‌ను ముందు నుంచి కోసినట్టు చూపే కరోనల్ టీ1 ఉండాలి. చిన్న రక్తనాళాల దెబ్బను తెల్ల మచ్చలుగా చూపే ఫ్లెయిర్ ఉండాలి, సూదిమొనంత రక్తస్రావాలను చూపే ఎస్‌డబ్ల్యూఐ, కొత్త స్ట్రోక్‌ను పట్టే డిఫ్యూజన్ కూడా ఉండాలి. మన దగ్గర బీపీ, షుగర్ లేని ముసలివాళ్ళు ఎంతమంది? అందుకే ఫ్లెయిర్ మనకు చాలా ముఖ్యం. అల్జీమర్స్, రక్తనాళాల జబ్బు రెండూ కలిసి ఉండటం పెద్దవయసులో మామూలే. మొదటిదాన్ని ఆపలేకపోయినా రెండోదాన్ని బీపీ మాత్రలతో, బీడీ మానిపించి చాలావరకు అదుపు చేయొచ్చు.

వన్ పాయింట్ ఫైవ్ టెస్లానా, త్రీ టెస్లానా అని తెగ కొట్టుకుంటారు. త్రీ టెస్లా బొమ్మ మరింత స్పష్టంగా వస్తుంది నిజమే, కానీ మామూలు రోగనిర్ధారణకు సరైన సీక్వెన్సులతో తీసిన వన్ పాయింట్ ఫైవ్ సరిపోతుంది. ఆ రకం మిషన్ కోసమే పెద్దమనిషిని వరంగల్ నుంచి హైదరాబాద్‌కు కార్లో కుదిపి తీసుకుపోయే అవసరం చాలామందికి లేదు. మిషన్ కన్నా రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్‌కు, చూసే న్యూరాలజిస్ట్‌కు డిమెన్షియా మీద ఉన్న పట్టు ముఖ్యం. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కూడా మతిమరుపు ఎంఆర్ఐకి మామూలుగా అక్కర్లేదు, గడ్డనో ఇన్ఫెక్షనో అనుమానం ఉంటేనే ఇస్తారు. ఎందుకిస్తున్నారని అడగడం మీ హక్కు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి.

స్కాన్ రోజు సంగతి. అరగంట అటూఇటూ సొరంగంలాంటి గొట్టంలో కదలకుండా పడుకోవాలి, మిషన్ ఢబఢబ మోగుతూనే ఉంటుంది. మతి తప్పుతున్న మనిషికి ఇది నిజంగా భయమే, మధ్యలో లేచి కూర్చుంటారు, బొమ్మలన్నీ అలుక్కుపోతాయి. రోగి బాగా నమ్మే మనిషిని లోపల పక్కన ఉండనివ్వమని అడగండి, ఒంటిమీద లోహం లేకపోతే చాలా చోట్ల ఒప్పుకుంటారు. పొద్దునపూట స్లాట్ అడగండి, ఎందుకంటే సాయంత్రమయ్యేసరికి తికమక పెరుగుతుంది. ఒంటిమీద నగలన్నీ తీయాలి. పుస్తెలతాడు తీయమంటే మా పెద్దమ్మ ఒప్పుకోలేదు, అక్కడ అందరిముందు తీసేకన్నా ఇంటిదగ్గరే పసుపుతాడు కట్టి, పుస్తెలు పెట్టెలో దాచి ఇంకో పెద్దావిడతో నచ్చజెప్పించాం. మట్టెలు, ముక్కుపుడక ఏళ్ళకేళ్ళు ఉండి బిగుసుకుపోతాయి, ముందురోజే నూనె రాసి తీయించండి. గుండెలో పేస్‌మేకర్, తలలో క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మోకాలి ఆపరేషన్ ఏదున్నా కార్డుతో సహా టెక్నీషియన్‌కు చెప్పాలి.

రిపోర్ట్ చేతికొచ్చాక గుండె జారిపోయేది "అట్రోఫీ" అన్న మాటతో. వయసుకు తగ్గ కుంచన అందరిలో ఉంటుంది, ఆ మాట ఒక్కటి చూసి ఇంటిల్లిపాదీ ఏడవొద్దు. ఎంటీఏ స్కోర్ ఎంత అని అడగండి. హిప్పోక్యాంపస్ చుట్టుపక్కల కుంచనను 0 నుంచి 4 దాకా లెక్కగట్టే పద్ధతి అది. 75 ఏళ్ళలోపు వాళ్ళకు 2 నుంచి, ఆ పైబడిన వాళ్ళకు 3 నుంచి పట్టించుకోవాల్సిన స్థాయి అని సాధారణంగా చూస్తారు. తెల్ల మచ్చలకు ఫజెకాస్ గ్రేడ్ ఉంటుంది, 0 నుంచి 3 దాకా. పెద్దవాళ్ళలో 1 ఉంటే కంగారు లేదు, 3 ఉంటే రక్తనాళాల వైపు గట్టిగా చూడాలి.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్ళకు, ఒకే భాష మాట్లాడేవాళ్ళ కన్నా సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా జబ్బు బయటపడిందని, చదువు రానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించిందని తేలింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, డ్యూటీలో హిందీ మాట్లాడుతూ బతికిన మన కాజీపేట రైల్వే తాతలను తలుచుకోండి. మెదడుకు కొంత తట్టుకునే బలం ఉంటుందని, ఒకే రకం ఫిల్మ్ ఉన్న ఇద్దరు ఒకేలా ఉండరని నాకు డాక్టర్ వివరించింది ఈ కోణంలోనే. ఫిల్మ్ బాగా లేకున్నా పని చక్కగా చేసుకునేవాళ్ళుంటారు, ఫిల్మ్ నార్మల్‌గా ఉన్నా తప్పిపోయేవాళ్ళుంటారు.

ఎఫ్‌డీజీ పెట్ వేరే సంగతి. గ్లూకోజ్‌లాంటి పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత జోడించి నరానికి ఎక్కిస్తారు, మెదడులో ఎక్కడ చక్కెర ఎక్కువ వాడుకుంటే అక్కడ వెలుగు. అల్జీమర్స్‌లో కణతల వెనక, నడినెత్తి పక్కల ఉండే భాగాల్లో వాడకం తగ్గుతుంది. ప్రవర్తన, మాట ముందుగా చెడే ఫ్రంటోటెంపోరల్ రకంలో ముందుభాగం మసకబారుతుంది. లేనిపోని మనుషులు కనిపించే లూయీబాడీ రకంలో వెనకభాగం. అంటే ఎంఆర్ఐ చూశాక కూడా "ఇది అల్జీమర్సా, ఇంకోటా" అని డాక్టర్ ఎటూ తేల్చలేకపోతే, ముఖ్యంగా 65 లోపు మనిషికైతే, ఇది పనికొస్తుంది. లూయీబాడీ అని తేలితే పిచ్చి తగ్గించే కొన్ని మందులు ఒంటికి పడవు కాబట్టి ఆ తేడా తెలియడం ప్రాణానికి సంబంధించిన విషయం. ఎనభై దాటిన మనిషికి, కథంతా అల్జీమర్స్ లాగే స్పష్టంగా ఉంటే దీనికి డబ్బు పెట్టొద్దు.

దీనికి దూరం కూడా అడ్డమే. ఎఫ్‌డీజీలో వాడే ఫ్లోరిన్-18 శక్తి ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. హైదరాబాద్‌లో సైక్లోట్రాన్ (దీన్ని తయారుచేసే యంత్రం) దగ్గర బయల్దేరిన మందు మూడు గంటలు రోడ్డు మీద ఉంటే దాదాపు మూడో వంతే మిగులుతుంది, అందుకే ఈ స్కాన్‌కు టైమింగ్ కచ్చితంగా పాటిస్తారు, మీరు గంట లేటైతే ఆ రోజుకు అంతే. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా పోవాలి, షుగర్ ఎక్కువుంటే బొమ్మ చెడిపోతుంది కాబట్టి వాయిదా వేస్తారు. ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే వాళ్ళను అడగండి. ఇంజెక్షన్ తర్వాత మసక వెలుతురు గదిలో మాట్లాడకుండా కూర్చోబెడతారు, పక్కనున్నవాళ్ళు ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి మనవరాళ్ళను చూపించొద్దు, మెదడు అప్పుడు చేసే పని కూడా బొమ్మలో పడుతుంది.

అమిలాయిడ్ పెట్ గురించి చాలా ఆశలు, చాలా అపోహలు. 1906లో అలాయిస్ అల్జీమర్ ఒక రోగి చనిపోయాక ఆమె మెదడును మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన ప్రొటీన్ గడ్డలను బతికున్న మనిషిలో చూడటానికి దాదాపు వందేళ్ళు పట్టింది. పిట్స్‌బర్గ్‌లో తయారైన పీఐబీ అనే పదార్థంతో 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో మొదటి మనిషికి స్కాన్ తీశారు. అందులోని కార్బన్-11 ఇరవై నిమిషాలకే సగమైపోతుంది, సైక్లోట్రాన్ పక్కన ఉంటే తప్ప పనికిరాదు. 2012లో అమెరికా మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఫ్లోర్‌బీటాపిర్‌లో ఫ్లోరిన్-18 ఉంటుంది కాబట్టి దూరం పంపడం వీలైంది.

ఈ స్కాన్ నెగెటివ్ వస్తే అది గట్టి జవాబు, మతిమరుపుకు కారణం అల్జీమర్స్ కాకపోవచ్చు అని వేరేదారి వెతుకుతారు. పాజిటివ్ వస్తే మాత్రం అంత సులువుగా చెప్పలేం. పత్తి చేనులో లింగాకర్షక బుట్టలో గులాబీ పురుగు పడిందంటే పురుగు వచ్చిందని తెలుస్తుంది, ఎన్ని కాయలు పోయాయో తెలియదు, ఇదీ అంతే. జ్ఞాపకశక్తి బాగానే ఉన్నవాళ్ళలో కూడా 50 ఏళ్ళప్పుడు సుమారు 10 శాతం మందికి, 90 ఏళ్ళప్పుడు 44 శాతం మందికి అమిలాయిడ్ పాజిటివ్ ఉంటుందని పెద్ద విశ్లేషణ ఒకటి 2015లో తేల్చింది. లక్షణాలకు ఒకటి రెండు దశాబ్దాల ముందే ఇది పేరుకోవడం మొదలవుతుంది. అందుకే "అమ్మకు వచ్చింది, నాకూ తీయించుకుంటా" అనే నలభై ఏళ్ళ కొడుకులకు, బిడ్డలకు నేను వద్దనే చెప్తాను, జవాబుతో చేయగలిగేది ఏమీ లేక టెన్షన్ ఒకటే మిగులుతుంది. అల్జీమర్స్‌లో పేరుకునే ఇంకో ప్రొటీన్ టావును చూపే టావు పెట్ అని ఇంకోటి ఉంది, 2020లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇందులో కనిపించేదానికీ మనిషి లక్షణాలకూ పొంతన ఎక్కువ, కానీ మన ప్రాంతం కుటుంబాలకు ఇప్పటికి అది పరిశోధనల దగ్గరే ఉంది.

అమిలాయిడ్ పెట్ నిజంగా అవసరమయ్యేది కొత్త మందుల గురించి ఆలోచించేవాళ్ళకు. లెకానెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఇవి జబ్బును వెనక్కి తిప్పవు, వేగాన్ని కొంత తగ్గిస్తాయి, అదీ తొలిదశలోనే. అమిలాయిడ్ ఉందని రుజువు ఉండాలి, మెదడు వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ముందూ, మధ్యలోనూ ఎంఆర్ఐలు తీస్తూనే ఉండాలి. ఎస్‌డబ్ల్యూఐలో నాలుగుకు మించి సూక్ష్మ రక్తస్రావాలు కనిపిస్తే మామూలుగా ఇవ్వరు. రుజువుకు పెట్ ఒక్కటే దారి కాదు, వెన్నునీరు పరీక్ష ఉంది. 2025 మే నెలలో పీటావు217 (టావు ప్రొటీన్‌లో ఒక రకం) ఆధారంగా చేసే రక్తపరీక్షకు కూడా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, లక్షణాలున్న 55 ఏళ్ళు పైబడిన వాళ్ళకు. రాబోయే రోజుల్లో పెట్ కోసం తిరిగే తిప్పలు దీనివల్ల చాలావరకు తగ్గుతాయని నా నమ్మకం.

మా ఇంట్లో ఒక పిల్లవాడు ఎన్ఐటీలో ప్రాజెక్టుకు స్కాన్ బొమ్మల్లో అల్జీమర్స్‌ను కంప్యూటర్‌తో గుర్తుపట్టడమే సబ్జెక్టుగా తీసుకున్నాడు, అలాంటి విద్యార్థులకు కూడా రెండు మాటలు. డేటా కోసం ఏడీఎన్ఐ, ఓయాసిస్ అనే రెండు మెదడు స్కాన్ల సేకరణల్లో ఏది అంటే, 2004లో మొదలైన ఏడీఎన్ఐలో ఒకే మనిషిని ఏళ్ళ తరబడి వెంటాడిన ఎంఆర్ఐ, పెట్, వెన్నునీరు వివరాలు ఉంటాయి, దరఖాస్తు పెట్టుకోవాలి. జబ్బు ఎలా ముదురుతుందో చూడాలంటే అదే. నేర్చుకోవడానికి ఓయాసిస్ మొదటి సెట్ తేలిక, 18 నుంచి 96 ఏళ్ళ 416 మంది బొమ్మలు. ఎవరో ముక్కలు చేసి పెట్టిన జేపీజీ ఫైళ్ళు దించుకుని 99 శాతం యాక్యురసీ అని రాయకండి. ఒకే మనిషి మెదడు స్లైసులు కొన్ని ట్రైనింగ్‌లో, కొన్ని టెస్టింగ్‌లో పడితే మోడల్ జబ్బును కాదు, ఆ మనిషిని గుర్తుపడుతుంది. మనిషి వారీగా విడదీయండి, మార్కులు తగ్గినా సరే. పైగా ఏడీఎన్ఐలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది బాగా చదువుకున్న అమెరికా తెల్లవాళ్ళు. మన మెదళ్ళ సగటు కొలతలు వేరని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ళు 2019లో 100 మందితో భారతీయ మెదడు అట్లాస్ (సగటు మెదడు పటం) చేసి చూపించారు, దాన్ని వాడి చూడండి. ఇక్కడి ఆసుపత్రి ఫిల్ములు వాడాలనుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, పేరు తొలగింపు తప్పనిసరి.

ఇక ఎవరికి ఏది అన్నది నా మాటల్లో. తల కొట్టుకుని పడ్డా, వారాల్లో మనిషి మారిపోయినా ఆ రోజే సీటీ. మెల్లగా ముదిరే మతిమరుపుకు రక్తపరీక్షల తర్వాత సరైన చీటీతో ఎంఆర్ఐ, అంతటితో చాలా ఇళ్ళకు జవాబు దొరుకుతుంది. చిన్నవయసు అయినా, లక్షణాలు వింతగా ఉన్నా, ఎంఆర్ఐతో తేలకపోయినా ఎఫ్‌డీజీ పెట్. కొత్త మందు నిజంగా పెట్టగలిగే స్థితి, స్థోమత ఉంటేనే అమిలాయిడ్. ఆరోగ్యశ్రీ కింద ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి, తీయించాక అడిగితే లాభం లేదు. ఫిల్ముతోపాటు సీడీ తప్పక తీసుకోండి, ఏడాది తర్వాత పోల్చడానికి డాక్టర్‌కు సీడీయే కావాలి, ఇంకో ఊర్లో చూపించుకున్నా మళ్ళీ తీయించే ఖర్చు తప్పుతుంది.

జబ్బు బాగా ముదిరి, మంచం పట్టి, మనుషులను గుర్తుపట్టని స్థితికి వచ్చిన పెద్దవాళ్ళకు కొత్తగా జ్వరమో, పడిపోవడమో, ఫిట్సో వస్తే తప్ప ఏ స్కానూ వద్దు. ఆ డబ్బుతో పగటిపూట చూసుకునే మనిషిని పెట్టండి, పుండ్లు పడకుండా గాలి పరుపు కొనండి, రాత్రంతా మేల్కొనే కోడలికో బిడ్డకో వారానికి ఒకరోజు విడుపు ఇవ్వండి. ఎక్కడ సాయం దొరుకుతుందో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతారు, ఫోన్‌కు డబ్బులు పడవు.